చదివింది పరీక్ష హాల్లో గుర్తు రావాలంటే ఎలా చదవాలి?

"సార్, రోజూ చదువుతూనే ఉన్నాను. రూమ్‌లో అన్నీ వచ్చినట్టే ఉంటాయి. హాల్లో ప్రశ్న చూడగానే బ్లాంక్ అయిపోతున్నాను."

మిడ్స్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్షలు) అయిన ప్రతిసారీ ఈ మాట కనీసం పది మంది నోట వింటాను. అడిగేవాళ్లు పుస్తకం ముట్టనివాళ్లు కాదు. రాత్రి పన్నెండు దాకా కూర్చునేవాళ్లే. అందుకే వాళ్లకు "బాగా చదవండి" అని చెప్పి పంపేస్తే ఏ ఉపయోగమూ ఉండదు. ఎలా కూర్చోవాలి, ఏం చేయాలి, వచ్చిందో లేదో ఎలా చూసుకోవాలి అన్నది చెప్పాలి.

ఒకసారి ఒక అబ్బాయి ఆపరేటింగ్ సిస్టమ్స్ సప్లీకి ముందు నోట్సు పట్టుకుని వచ్చాడు. రెండో యూనిట్ నిండా పసుపు హైలైటర్. ఎన్నిసార్లు చదివావంటే నాలుగుసార్లు అన్నాడు. నోట్సు మూసి, ఒక తెల్ల కాగితం ఇచ్చి ప్రాసెస్ స్టేట్ డయాగ్రమ్ (కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రామ్ ఏయే దశల్లో ఉంటుందో చూపే బొమ్మ) గీయమన్నాను. న్యూ, రెడీ, రన్నింగ్ అని మూడు గుండ్రాలు గీశాడు. తర్వాత పెన్ను ఆగింది. వెయిటింగ్ అనే స్టేట్ ఉందని అతనికి తెలుసు. అయితే వెయిటింగ్ నుంచి బాణం రన్నింగ్‌కు వెళ్లాలా, రెడీకి వెళ్లాలా అన్నది తేలలేదు (రెడీకే వెళ్లాలి). నాలుగుసార్లు చూసిన బొమ్మను చూడకుండా ఒక్కసారి కూడా గీయలేదు. అతని తెలివికి ఏ లోటూ లేదు. చదివే పద్ధతిలో ఆ ఒక్క పనీ లేదు, అంతే.

థియరీ ఒక్క పేరాలో చెప్పేస్తాను. రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో కాలేజీ విద్యార్థుల మీద చేసిన ప్రయోగాన్ని ప్రచురించారు. కొందరు ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివారు. ఇంకొందరు ఒక్క విడత చదివి, మిగతా మూడు విడతల్లోనూ పాఠం చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే మాత్రం రాసినవాళ్లకు 61 శాతం గుర్తుంది, చదివినవాళ్లకు 40 శాతమే. "రూమ్‌లో వచ్చినట్టే ఉంది, హాల్లో రాలేదు" అన్న బాధకు కారణం ఇదే. మళ్లీ మళ్లీ చదివితే వచ్చేసిందన్న నమ్మకం వస్తుంది. ఆ నమ్మకం ఆ పూట వరకే పనికొస్తుంది.

ఇంజినీరింగ్ సెమిస్టర్‌ను ఉదాహరణగా తీసుకుని రాస్తున్నాను. డిగ్రీ, డిప్లొమా వాళ్లకూ ఇదే పద్ధతి, మార్కుల లెక్క ఒక్కటే మారుతుంది.

ఏమేం కావాలి

- సబ్జెక్టు సిలబస్ ప్రింటు, యూనిట్ల వారీగా.
- పాత ప్రశ్నపత్రాలు కనీసం ఐదు. మీ రెగ్యులేషన్‌వే (మీ బ్యాచ్‌కు యూనివర్సిటీ పెట్టిన సిలబస్, పరీక్ష నియమాలవే) ఉండాలి.
- ఒకే ఒక్క మూలం: క్లాస్ నోట్సు గానీ, టెక్స్ట్‌బుక్ గానీ.
- ఒకవైపు వాడేసిన పాత కాగితాలు, ఓ వంద.
- నీలం పెన్ను, ఎర్ర పెన్ను.
- చేతి గడియారం లేదా టేబుల్ గడియారం. ఫోన్‌లో టైమర్ వద్దు.
- గోడ క్యాలెండర్.

కొత్తగా కొనాల్సినవి పెద్దగా లేవు. రంగురంగుల స్టిక్కర్లు, నాలుగు రకాల హైలైటర్లు లేకపోయినా మార్కులు వస్తాయి.

1. ముందు ప్రశ్నపత్రం చూడండి, తర్వాత పుస్తకం

సెమిస్టర్ మొదటి వారంలోనే ఒక గంట కేటాయించండి. సిలబస్ ప్రింటు ముందు పెట్టుకుని, పాత పేపర్లలో ఒక్కో ప్రశ్న చదువుతూ అది ఏ టాపిక్‌దో ఆ టాపిక్ పక్కన ఒక గీత పెట్టండి. ఐదు పేపర్లు అయ్యేసరికి ఎక్కడ గీతలు ఎక్కువ పడ్డాయో కనిపిస్తుంది.

పేపర్ ఎలా ఉంటుందో కూడా అప్పుడే తెలుసుకోండి. ఉదాహరణకు జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22 రెగ్యులేషన్‌లో ఇంటర్నల్స్‌కు 40, సెమిస్టర్ పరీక్షకు 60. ఆ 60లో పార్ట్ ఏ 10 మార్కులు, పార్ట్ బీ 50. పార్ట్ బీలో ఒక్కో యూనిట్ నుంచి ఒక్కో పది మార్కుల ప్రశ్న, "ఇది లేదా అది" అన్న ఛాయిస్‌తో. అంటే ఒక యూనిట్ పూర్తిగా వదిలేస్తే పది మార్కులు అక్కడే పోతాయి, పార్ట్ ఏలో ఆ యూనిట్‌వి కూడా పోతాయి. మీది వేరే యూనివర్సిటీ అయితే మీ రెగ్యులేషన్ పుస్తకంలో ఇదే లెక్క చూసుకోండి.

జాగ్రత్త: గీతలు లేని టాపిక్‌ను కొట్టేయకండి. ఈ లెక్క ఏది ముందు, ఏది తర్వాత అన్నది తేల్చడానికే.

2. క్లాసు అయిన రోజే పది నిమిషాలు

సాయంత్రం నోట్సు తెరవకముందే, ఆ రోజు ఆ సబ్జెక్టులో ఏం చెప్పారో కాగితం మీద ఐదారు లైన్లు రాయండి. తర్వాతే నోట్సు చూసి, వదిలేసినవి ఎర్ర పెన్నుతో చేర్చండి. ఒక్క సబ్జెక్టుకు పది నిమిషాలు చాలు.

డే స్కాలర్లు కాలేజీ బస్సులోనే ఈ పని చేయొచ్చు. కుదుపుల్లో రాయడం కుదరదు కాబట్టి కళ్లు మూసుకుని మనసులో చెప్పుకోండి, లేదా పక్కన కూర్చున్న ఫ్రెండ్‌కు చెప్పండి. ఇంటికి చేరాక సరిచూసుకోండి.

3. యాభై నిమిషాల సిట్టింగ్

ఈ స్టెప్ దగ్గర కాస్త ఆగి, నిదానంగా చదవండి. మిగతావన్నీ దీని చుట్టూ తిరిగేవే.

ఒక టాపిక్ తీసుకోండి. డెడ్‌లాక్ (ప్రాసెస్‌లు ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ అన్నీ ఆగిపోవడం) అనుకుందాం. ఫోన్ వేరే గదిలో పెట్టండి. హాస్టల్లో వేరే గది ఉండదు కాబట్టి స్విచాఫ్ చేసి పెట్టెలో పెట్టి తాళం వేయండి. సైలెంట్‌లో పెట్టి టేబుల్ మీద ఉంచితే చెయ్యి దానంతట అదే అటు పోతుంది.

మొదటి ఇరవై నిమిషాలు చదవండి. అర్థం చేసుకోవడానికి చదవండి, బట్టీ కోసం కాదు. గీతలు గీయకండి. పక్కన మార్జిన్‌లో ప్రశ్నలు మాత్రం రాసుకోండి: "డెడ్‌లాక్ రావడానికి ఏ నాలుగు పరిస్థితులు ఉండాలి?", "ఒక్కటి తప్పినా డెడ్‌లాక్ ఎందుకు రాదు?"

తర్వాత పుస్తకం మూసేయండి. సగం మూసి వేలు పెట్టుకోవడం కాదు, పూర్తిగా మూసి చేతికి అందనంత దూరంలో పెట్టండి. పదిహేను నిమిషాలు నీలం పెన్నుతో, గుర్తున్నదంతా రాయండి. వాక్యాలు సరిగా లేకపోయినా పర్వాలేదు. బొమ్మ ఉంటే బొమ్మ గీయండి. ఆగిపోతే ఒక నిమిషం ఆగండి, పుస్తకం తెరవకండి. గుర్తు రాక ఇబ్బంది పడే ఆ నిమిషమే పని జరిగే నిమిషం. చాలామంది సరిగ్గా అక్కడే పుస్తకం తెరిచేస్తారు.

ఇప్పుడు పుస్తకం తెరిచి, పది నిమిషాలు ఎర్ర పెన్నుతో దిద్దండి. ఒకమ్మాయి ఇలా రాసిన కాగితం నాకింకా గుర్తుంది. నాలుగు పరిస్థితుల్లో మ్యూచువల్ ఎక్స్‌క్లూజన్, హోల్డ్ అండ్ వెయిట్ సరిగ్గా రాసింది. మూడోది "ప్రీఎంప్షన్" అని రాసింది. అసలుది "నో ప్రీఎంప్షన్". ఒక ప్రాసెస్ దగ్గరున్న రిసోర్స్‌ను (మెమరీ, ప్రింటర్ లాంటిదాన్ని) బలవంతంగా లాక్కోలేని పరిస్థితి కూడా ఉంటేనే డెడ్‌లాక్ వస్తుంది. "నో" పోయేసరికి అర్థం తలకిందులైంది. నాలుగోది, సర్క్యులర్ వెయిట్, అసలు రాయనేలేదు. చదివేటప్పుడు ఈ రెండూ తనకు వచ్చనే అనుకుంది. ఎర్ర పెన్ను పట్టుకున్నాకే కనపడ్డాయి. దిద్దుకుంటూ "అమ్మో, ఇలాగే హాల్లో రాసుంటే!" అంది. ఆ తర్వాత ఆ రెండూ తను మళ్లీ తప్పలేదు.

చివరి ఐదు నిమిషాలు ఎర్రగా ఉన్నవాటిని మాత్రమే, మళ్లీ చూడకుండా, ఇంకోసారి రాయండి. కాగితం మూలలో తేదీ, టాపిక్ పేరు వేసి ఫైల్లో పెట్టండి. పది నిమిషాలు లేచి తిరగండి, నీళ్లు తాగండి. ఆ విరామంలో రీల్స్ వద్దు. పది నిమిషాలకని ఫోన్ తీసి, పది నిమిషాల్లో పెట్టేసినవాళ్లను నేను చాలా తక్కువ మందిని చూశాను.

రోజుకు ఇలాంటి సిట్టింగులు రెండు చాలు. పరీక్షల నెలలో నాలుగు. యాభై నిమిషాలు కూర్చోలేనివాళ్లు ఇరవై ఐదుతో మొదలుపెట్టండి: పది చదవడం, ఎనిమిది రాయడం, ఏడు దిద్దడం.

4. లెక్కల సబ్జెక్టులకు చిన్న మార్పు

సాల్వ్ చేసిన లెక్క చూస్తే అర్థమైపోయినట్టే ఉంటుంది. అది చేసినవాళ్ల తెలివి, మీది అవ్వాలంటే చేతితో చేయాలి. మొదటి లెక్క చూస్తూ చేయండి. రెండోసారి అదే లెక్క చూడకుండా చేయండి. మూడోసారి అందులో ఒక అంకె మార్చి చేయండి.

బ్యాంకర్స్ అల్గారిథమ్ తీసుకుందాం. రిసోర్సులు ఏ వరుసలో ఇస్తే ప్రాసెస్‌లన్నీ (పీ1, పీ2, పీ3) డెడ్‌లాక్ లేకుండా పూర్తవుతాయో చూసే లెక్క ఇది. మొత్తం రిసోర్సులు 10. పీ1 దగ్గర 3 ఉన్నాయి, గరిష్ఠంగా 9 కావాలి. పీ2 దగ్గర 2, గరిష్ఠం 4. పీ3 దగ్గర 2, గరిష్ఠం 7. మిగిలినవి 3. పీ2కు ఇంకా 2 చాలు, ఇచ్చేస్తే అది పని ముగించి మొత్తం వదిలేస్తుంది, చేతిలో 5 అవుతాయి. పీ3కి 5 కావాలి, ఇస్తే అదీ ముగుస్తుంది, 7 అవుతాయి. పీ1కి 6 కావాలి, సరిపోతాయి. పీ2, పీ3, పీ1 వరుసలో అన్నీ పూర్తవుతాయి కాబట్టి ఇది సేఫ్ స్టేట్.

ఇప్పుడు ఒక్క అంకె మార్చండి: పీ1 దగ్గర 3 బదులు 4. మిగిలేవి 2. పీ2కు 2 ఇస్తే అది ముగిసి 4 అవుతాయి. పీ1కి ఇంకా 5 కావాలి, పీ3కీ 5 కావాలి. చేతిలో ఉన్నవి 4. ముందుకు దారి లేదు, అన్‌సేఫ్. ఒక్క అంకెతో జవాబు ఎందుకు మారిందో మీ నోటితో చెప్పగలిగితే, పేపర్లో అంకెలు ఎలా మార్చి ఇచ్చినా భయం లేదు.

5. తిరిగి రావాల్సిన తేదీలు వేసుకోండి

ఒక టాపిక్ పూర్తయిన రోజే క్యాలెండర్‌లో నాలుగు చోట్ల దాని పేరు రాయండి: మర్నాడు, మూడో రోజు, వారానికి, మూడు వారాలకు. ఆ రోజు ఆ టాపిక్‌ను మళ్లీ చదవకండి. ముందు తెల్ల కాగితం మీద రాయండి, తర్వాత దిద్దండి. మొదటిసారి పదిహేను నిమిషాలు పట్టింది నాలుగోసారికి ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

ఒక రోజు తప్పితే కంగారు పడొద్దు, మర్నాటికి జరపండి. పండక్కి ఊరెళ్లి వారం తప్పినా మొదటి నుంచి మొదలుపెట్టొద్దు. ఎక్కడ ఆపారో అక్కడి నుంచే.

6. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు

మీ గురించి ప్రత్యేకంగా రాయాలనుకున్నాను. మొదటి ఏడాది మీరు పడే కష్టం నాకు తెలుసు. విషయం అర్థమవుతుంది, రాయడానికి ఇంగ్లిష్ వాక్యం దొరకదు. దాంతో పేరాలకు పేరాలు బట్టీ పడతారు. ఒక పదం మర్చిపోతే ఆ వెనక ఉన్న పేరా అంతా పోతుంది.

ఇలా చేయండి. ముందు టాపిక్‌ను తెలుగులో మీకు మీరు చెప్పుకోండి, రూమ్‌మేట్‌కు చెప్తున్నట్టు. తర్వాత ఆ టాపిక్‌లో తప్పక వాడాల్సిన ఇంగ్లిష్ మాటలు పది ఒక చోట రాసుకోండి, స్పెల్లింగ్‌తో సహా. ఆ పది మాటలూ వచ్చేలా ఆరేడు చిన్న వాక్యాలు సొంతంగా రాయండి. ఒక్కో వాక్యంలో ఒకే విషయం. పెద్ద వాక్యాల జోలికి పోకండి. పేపర్ దిద్దేటప్పుడు నేను చూసేది విషయం, సరైన పదం, బొమ్మ, స్టెప్పులు. చిన్న వాక్యాలు రాసినందుకు మార్కులు తగ్గవు.

వీడియో పాఠాలు తెలుగులో చూడటం మంచిదే. ఐఐటీల ఎన్‌పీటెల్ పాఠాలు కూడా ఉచితంగానే చూడొచ్చు. అయితే వీడియో చూడటం చదవడంతో సమానమే తప్ప రాయడంతో సమానం కాదు. వీడియో ఆపాక కూడా అదే తెల్ల కాగితం తీయాలి.

7. ఆదివారం గడియారం పెట్టుకుని

కుదిరిన ప్రతి ఆదివారం ఒక ప్రశ్నకు టైమ్ పెట్టి రాయండి. 60 మార్కులకు మూడు గంటలంటే మార్కుకు మూడు నిమిషాలు. పది మార్కుల ప్రశ్నకు ముప్పై నిమిషాలు లెక్కకు వస్తాయి గానీ, ప్రశ్నపత్రం చదవడానికి, సరిచూసుకోవడానికి కొంత తీసేస్తే ఇరవై ఐదే మీవి. బొమ్మతో సహా ఇరవై ఐదులో పూర్తి కాకపోతే మీరు ఎక్కువ రాస్తున్నారని అర్థం. ఉపోద్ఘాతం తగ్గించండి.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

పుస్తకం చూస్తూ నోట్సు తయారు చేసుకుని, దాన్నే చదువు అనుకోవడం అన్నిటికన్నా పెద్దది. అందంగా రాసిన నోట్సు చూస్తే తృప్తిగా ఉంటుంది, రెండు గంటలు గడిచిపోతాయి, చెయ్యి పని చేసింది గానీ బుర్ర చేయలేదు. నోట్సు రాయాలంటే పుస్తకం మూశాకే రాయండి.

రెండోది, నైటౌట్. పరీక్ష ముందు రాత్రి తెల్లవార్లూ చదివి, ఉదయం ఎర్రబడ్డ కళ్లతో హాల్లోకి వచ్చే పిల్లల్ని చూస్తే నిజంగా బాధనిపిస్తుంది. వచ్చిన జవాబులు కూడా రాయలేకపోతారు. నిద్ర తగ్గించి సిలబస్ పెంచుకోవడం నష్టపు బేరం. కనీసం ఆరు గంటలు పడుకోండి.

ఇంకోటి, నాలుగు మూలాలు. సీనియర్ నోట్సు, ఆల్ ఇన్ వన్ గైడు, వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్, యూట్యూబ్. ఒకే నిర్వచనం నాలుగు రకాలుగా చదివి హాల్లో ఏదీ పూర్తిగా రాయలేరు. ఒకటి పట్టుకోండి, అర్థం కానిచోట మాత్రమే రెండోది తెరవండి.

గ్రూప్ స్టడీ మంచిదా చెడ్డదా అని అడుగుతుంటారు. ముందు ఎవరికి వాళ్లు రాసుకుని, తర్వాత కాగితాలు మార్చుకుని దిద్దుకుంటే చాలా మంచిది. ఒకరు చెప్తుంటే ముగ్గురు వింటే, లాభం చెప్పినవాళ్లకే.

పరీక్షకు పది రోజులే ఉంటే

పైవన్నీ చేసే టైమ్ లేదు. అప్పుడు ఇలా వెళ్లండి. మొదటి రోజు ఒక గంట, స్టెప్ 1లో చెప్పిన గీతల లెక్క. ఒక్కో యూనిట్ నుంచి గీతలు ఎక్కువున్న రెండు మూడు టాపిక్‌లు ఎంచుకోండి, ఐదు యూనిట్లకూ. రెండో రోజు నుంచి ఏడో రోజు దాకా రోజుకు రెండు టాపిక్‌లు, స్టెప్ 3 పద్ధతిలోనే. ప్రతి ఉదయం కొత్తది తెరవకముందు నిన్నటి రెండూ చూడకుండా రాయండి. ఎనిమిది, తొమ్మిది రోజుల్లో కొత్త టాపిక్ వద్దు, ఎర్ర పెన్ను పడ్డవే. పదో రోజు పార్ట్ ఏ చిన్న ప్రశ్నలు, ఒక పాత పేపర్ చదివి ప్రతి ప్రశ్నకూ హెడ్డింగులు మాత్రం రాసుకోవడం. ఒకేసారి ఐదు సబ్జెక్టులుంటే ఈ లెక్క సరిపోదు. అప్పుడు యూనిట్‌కు ఒక్క టాపిక్ చొప్పున, రోజుకు రెండు సబ్జెక్టులు చేయండి.

పని చేస్తోందో లేదో ఎలా చూసుకోవాలి

ఎన్ని గంటలు కూర్చున్నారో లెక్క పెట్టకండి. ఫైల్లో కాగితాలు చూడండి. ఒకే టాపిక్ మీద తేదీలు వేసిన మూడు నాలుగు కాగితాలు పక్కపక్కన పెడితే, ఎరుపు తగ్గుతూ రావాలి. మొదటి కాగితంలో సగం ఎరుపు ఉన్నా కంగారు వద్దు, అది మామూలే. మూడోదానికి రెండు మూడు చోట్ల మాత్రమే ఉండాలి.

ఇంకో పరీక్ష ఉంది. వారం క్రితం టాపిక్ ఒకటి ఫ్రెండ్‌తో అడిగించుకోండి. ముందు చెప్పకుండా, ఏదో ఒకటి అడగమనండి. నిమిషంలోపు మొదలుపెట్టి రెండు నిమిషాలు ఆగకుండా చెప్పగలిగితే వచ్చినట్టు.

మిడ్ పేపర్లు ఇచ్చినప్పుడు మార్కులు చూసి మడిచి పెట్టేయకండి. పోయిన ప్రతి మార్కు పక్కన ఒక అక్షరం వేయండి: గుర్తు రాలేదంటే "గు", అర్థం కాలేదంటే "అ", టైమ్ చాలలేదంటే "టై". "గు" ఎక్కువుంటే స్టెప్ 5 తేదీలు తప్పుతున్నారు. "టై" ఎక్కువుంటే ఆదివారం రాయడం లేదు. "అ" ఎక్కువుంటే మాత్రం ఒక్కరే కూర్చుని ఎన్నిసార్లు రాసినా లాభం లేదు. ఎరుపు తగ్గని కాగితాలు పట్టుకుని ఆ సబ్జెక్టు చెప్పే సార్ దగ్గరికో, మేడమ్ దగ్గరికో వెళ్లండి. "ఏమీ అర్థం కాలేదు సార్" అంటే ఎక్కడి నుంచి చెప్పాలో మాకూ తెలియదు. కాగితం చూపిస్తే మీరు ఆగిన చోటు నుంచే మొదలుపెడతాం.